ఆకు అడుగున ఎనిమిది కాళ్లు

శివరాత్రి దాటి ఎండ ముదురుతున్న రోజులు. మా మిద్దె మీద బెండ ఆకులు పాలిపోవడం మొదలైంది. అలాగని పూర్తిగా పసుపెక్కలేదు. పచ్చటి ఆకు మీద ఎవరో బొంబాయి రవ్వ చల్లినట్టు లెక్కలేనన్ని తెల్లటి చుక్కలు. నీళ్లు చాలడం లేదేమో అనుకుని ఇంకో చెంబు పోశాను. బలం తగ్గిందేమోనని వర్మీకంపోస్టు వేశాను. వారం తిరిగేసరికి ఆకులు కంచురంగుకు తిరిగాయి, అంచులు ఎండాయి, కొమ్మల చివర్ల సాలెగూడు లాంటి పల్చటి పొర కమ్ముకుంది. అప్పుడు గానీ ఆకు తిప్పి చూడాలని తోచలేదు. ఈనెల పక్కన ఇటుకపొడి రాలినట్టు ఎర్రటి నలుసులు. వేలితో రాస్తే ఎర్రగా అంటింది. కాసేపు కదలకుండా చూస్తే, ఆ నలుసుల్లో కొన్ని నడుస్తున్నాయి.

ఆకు తుంచి పొట్లం కట్టుకుని నర్సరీకి వెళ్లాను. అక్కడి కుర్రాడు ఒక్క చూపు చూసి, "పురుగు పట్టిందమ్మా. ఇది లీటరుకి ఒక మూత కలిపి కొట్టండి, సాఫ్ అయిపోతది" అని సీసా చేతికిచ్చాడు. కొట్టాను. నాలుగు రోజులు తగ్గినట్టే అనిపించింది. పదో రోజుకు బెండ నుంచి వంగకు, వంగ నుంచి చిక్కుడు పందిరికి పాకింది. ముందు కంటే ఎక్కువైంది కూడా. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. అతను నాకు ఇచ్చింది పురుగుమందు, నా మొక్కల మీద ఉన్నది మాత్రం పురుగు కాదు.

తెలుగులో ఈ గందరగోళానికి పేరే కొంత కారణం. మంచం కోళ్లలో దాక్కుని రాత్రిపూట రక్తం తాగేదీ నల్లే, ఆకు అడుగున రసం పీల్చేదీ నల్లే. ఒకే పేరు పెట్టుకున్నా ఈ రెంటికీ చుట్టరికం చాలా దూరం. మంచపు నల్లికి ఆరు కాళ్లు, కాబట్టి అది అచ్చమైన కీటకం. మొక్క నల్లికి ఎనిమిది కాళ్లు. సాలీడు, తేలు, పశువుల చెవుల్లో పట్టే పిడుదు, ఇవీ దాని బంధుకోటి. రెక్కలు ఉండవు, మీసాలు ఉండవు. గుడ్డులోంచి బయటపడ్డప్పుడు మాత్రం ఆరు కాళ్లతోనే వస్తుంది, ఒకసారి కుబుసం విడిచాక మిగతా రెండు మొలుస్తాయి. పూర్తిగా ఎదిగిన ఆడ ఎర్రనల్లి పొడవు అర మిల్లీమీటరు ఉంటుందంతే. మగది ఇంకా చిన్నది. కీటకాల నాడుల మీద, వాటి తిండి అలవాట్ల మీద గురిపెట్టి తయారుచేసిన మందుల్లో చాలావాటికి ఈ జీవి లొంగకపోవడంలో వింతేమీ లేదు.

కూరగాయల మొక్కల మీద మనకు ఎక్కువగా తగిలేవి ఎర్రనల్లి, తెల్లనల్లి. ఎర్రనల్లి అని మనం పిలిచే గుంపులో అందరికంటే పేరుమోసినది రెండు మచ్చల నల్లి. జర్మనీకి చెందిన కార్ల్ లుడ్విగ్ కోచ్ 1836లో దానికి టెట్రానికస్ అర్టికే అని శాస్త్రీయ నామం పెట్టాడు. అది 1,100కి పైగా మొక్కజాతుల మీద బతకగలదని ఇప్పటిదాకా నమోదైంది. మన బెండ, వంగ, చిక్కుడు, దోస, టమాటా, బొప్పాయి, గులాబీ అన్నీ ఆ జాబితాలోవే. మచ్చలు రెండూ అది తిన్న తిండి తాలూకు నీడలు. ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది గనక కడుపులో ఉన్నది బయటికి అలా కనిపిస్తుంది.

అది తినే తీరు తెలిస్తే ఆకు మీది రవ్వచుక్కల గుట్టు విడిపోతుంది. పేనుబంకలాగా ఇది ఈనెలోని రసనాళానికి గొట్టం వేయదు. సూదుల్లాంటి నోటితో ఆకులోని ఒక్కొక్క కణాన్ని విడిగా గుచ్చి, లోపలి పత్రహరితంతో సహా పీల్చేస్తుంది. ఖాళీ అయిన కణం తెల్లబడుతుంది. అలాంటి కణాల గుత్తి మనకు చుక్కగా కనిపిస్తుంది. అంటే ఆకు మీద చుక్క పడ్డచోట మొక్క వంటగది ఒకటి మూతపడ్డట్టే. అవన్నీ కలిసిపోయినప్పుడు ఆకు కంచురంగుకు వస్తుంది. ఆ దశలో ఎన్ని నీళ్లు పోసినా ఆ ఆకు తిరిగి పచ్చబడదు. నేను మొదటి వారం చేసిన పొరపాటు అదే.

ఇక ఆ పల్చటి పొర. సాలీడు దారాన్ని పొట్ట చివర నుంచి తీస్తుంది, ఎర్రనల్లి నోటి దగ్గర నుంచి తీస్తుంది. ఆ దారం కింద గుడ్లు భద్రంగా ఉంటాయి, చినుకు నేరుగా తగలదు, మనం కొట్టే ద్రావణం కూడా పొర మీదే నిలిచిపోతుంది. ఆకులో ఇక తినడానికేమీ మిగలనప్పుడు నల్లులన్నీ కొమ్మ చివరికి ఎక్కి గుమిగూడతాయి. దారపు పోగు పట్టుకుని గాలికి తేలిపోతాయి. రెక్కల్లేని జీవి మూడో అంతస్తు మిద్దె మీదికి ఎలా వచ్చిందని అడిగేవాళ్లకు జవాబు ఇదే. నర్సరీ నుంచి తెచ్చిన నారు మీద, పొరుగింటి నుంచి ఇష్టంగా తెచ్చుకున్న గులాబీ కొమ్మ మీద, తోటలో పనిచేసిన మన చీర కొంగు మీద కూడా వస్తుంది.

ముప్పై డిగ్రీల వేడిలో గుడ్డు పెట్టిన మూడు రోజులకు పిల్ల బయటికొస్తుంది. మొత్తం వారం, ఎనిమిది రోజుల్లో తానే గుడ్లు పెట్టే ఆడది అవుతుంది. చల్లటి రోజుల్లో ఇదే ప్రయాణానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఒక్కో ఆడనల్లి జీవితకాలంలో ఇంచుమించు వంద గుడ్లు పెడుతుంది. మగతోడు దొరకకపోయినా పెడుతుంది, అయితే ఫలదీకరణ జరగని గుడ్లన్నీ మగపిల్లలవుతాయి. ఫలదీకరణ జరిగినవి ఆడవి. మామూలుగా ముప్పావు వంతు ఆడవే ఉంటాయి. కాగితం మీద లెక్క వేసి చూడండి. ఒక్క ఆడనల్లి వంద గుడ్లు పెడితే అందులో 75 ఆడవి. అవి తలా వంద పెడితే 7,500. అందులో మళ్లీ ముప్పావు వంతు తలా వంద పెడితే 5,62,500. నెలన్నర తిరక్కుండానే ఒక్కటి ఐదున్నర లక్షలు దాటుతుంది. నిజం తోటలో అన్నీ బతకవు. ఎండకు, గాలికి, ఆకలికి, శత్రువులకు చాలా పోతాయి. కానీ "నిన్న లేవు, ఇవాళ ఇన్నెక్కడివి" అని మనం ఆశ్చర్యపోవడానికి ఈ లెక్కే మూలం. మనం చూసేసరికి అది మూడో తరం.

ఈ లెక్కలోనే ఇంకో ప్రమాదం ఉంది. తరాలు అంత వేగంగా తిరిగే జీవిలో, మందును తట్టుకునే పిల్ల ఒక్కటి పుట్టినా చాలు, కొన్ని వారాల్లో తోటంతా దాని సంతానమే. 90కి పైగా మందులకు ఈ నల్లి ఎక్కడో ఒకచోట నిరోధకత సంపాదించింది. 2011లో శాస్త్రవేత్తలు దాని జన్యువులన్నిటినీ చదివి 'నేచర్' పత్రికలో ప్రకటించారు. మొత్తం తొమ్మిది కోట్ల అక్షరాలు, అప్పటిదాకా చదివిన కీళ్లకాళ్ల జీవుల జన్యుపటాలన్నిటిలో అతి చిన్నది. అంత చిన్న పుస్తకంలోనూ విషాలను విరిచేసే జన్యువులకు మాత్రం పేజీలకు పేజీలు కేటాయించి ఉన్నాయి. టమాటా, వంగ, దోస తమను తినేవాళ్ల మీద తలా ఒక విషం తయారుచేసుకుంటాయి. వెయ్యి రకాల మొక్కలు తిని బతికే జీవికి వెయ్యి రకాల విషాలను అరాయించుకునే శక్తి ఉండి తీరాలి. ఆ శక్తే మనం కొట్టే మందు మీద కూడా పనిచేస్తుంది. దాని ఎర్రరంగుకు అవసరమైన కెరోటినాయిడ్లను తయారుచేసే జన్యువులైతే ఎప్పుడో ఒక శిలీంధ్రం నుంచి దానిలోకి వచ్చి చేరాయని కూడా ఆ పరిశోధనలో తేలింది.

నా తోటలో మందు కొట్టాక నల్లి పెరగడం నా ఒక్కదాని అనుభవం కాదని చదివాక తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆపిల్ తోటల వాళ్లకు నల్లి పెద్ద బెడదే కాదు. యుద్ధం అయ్యాక డీడీటీ వచ్చింది. కాయతొలుచు పురుగులు తగ్గాయి, నల్లి విరుచుకుపడింది. డీడీటీ నల్లిని పెద్దగా ఏమీ చేయలేదు. నల్లిని తినేవాటిని చంపింది. మరీ దగ్గరి ఉదాహరణ న్యూయార్క్ నగరానిది. 1996లో అక్కడ చెట్ల కాండాలను తొలిచే ఆసియా జాతి పెంకుపురుగు బయటపడింది. దాన్ని అంతం చేయడానికి నగరంలో పెద్ద సంఖ్యలో చెట్లకు ఇమిడాక్లోప్రిడ్ ఎక్కించారు. తర్వాత సెంట్రల్ పార్కులోని ఎల్మ్ చెట్లకు నల్లి పట్టి ఆకులు మాడడం కనిపించింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు దాని వెంటపడి 2011లో ఫలితాలు ప్రకటించారు. మందు ఎక్కిన ఆకులు తిన్న నల్లులు గుడ్లు ఎక్కువ పెట్టాయి. ఆ నల్లులను తిన్న మిత్రజీవులు మాత్రం దెబ్బతిన్నాయి. ఇమిడాక్లోప్రిడ్ మన ఊళ్లలో ప్రతి మందుల కొట్టులో దొరుకుతుంది. తెల్లదోమకూ పేనుబంకకూ అని మిద్దెతోటల వాళ్లు తెగ వాడతారు. సింథటిక్ పైరెత్రాయిడ్లదీ ఇదే కథ. బెండ మీద పేనుబంక కోసం మార్చిలో కొట్టిన మందు, ఏప్రిల్‌లో నల్లికి విందు పరిచినట్టవుతుంది.

ఇంతకీ నల్లిని తినేవి ఎవరు? ముందుగా చెప్పాల్సింది నల్లులనే. నల్లిని వేటాడే నల్లులు ఉన్నాయి. ఈ వేటనల్లి ఎర్రనల్లి అంతే ఉంటుంది గానీ, బేరిపండు ఆకారంలో నున్నగా మెరుస్తూ, పొడుగు కాళ్లతో ఆకు మీద పరుగులు పెడుతుంటుంది. భూతద్దంలో చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. తీరిగ్గా, మందంగా కదిలేది ఆకు తినేది. ఉరుకుతూ వెతుకుతూ ఉండేది వేటగాడు. గుడ్లు కూడా వేరు. ఎర్రనల్లి గుడ్డు ముత్యంలా గుండ్రంగా ఉంటుంది, వేటనల్లి గుడ్డు కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. మన దేశంలో కూరగాయల మీద సహజంగా కనిపించేది నియోసీలస్ లాంగిస్పైనోసస్ అనే జాతి. విదేశాల గాజు ఇళ్ల తోటల్లో పేరు తెచ్చుకున్నది ఫైటోసీలస్ పెర్సిమిలిస్. అది 1958లో చిలీ నుంచి ఆర్కిడ్ మొక్కల మీద ఎవరూ పిలవకుండానే జర్మనీకి చేరింది. ఇప్పుడు దాన్ని ప్రత్యేకంగా పెంచి, సీసాల్లో నింపి అమ్ముతారు.

వాటితోపాటు స్టెథోరస్ అనే నల్లటి బుల్లి పెంకుపురుగు ఉంది. నువ్వుగింజ కంటే చిన్నది. అక్షింతల పురుగుల కుటుంబమే, కానీ ఒంటి మీద చుక్కలుండవు. దాని తిండి దాదాపు నల్లులే, రోజుకు పదులకొద్దీ తింటుంది. అక్షింతల పురుగు పేరుతోనే వంగ ఆకును జల్లెడ చేసే ఇంకో చుట్టం ఉంది గనక, పెంకుపురుగు కనబడగానే నలిపేసే అలవాటు చాలామందికి. మంచిదాన్నీ చెడ్డదాన్నీ ఒకే గాటన కట్టేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. అల్లిక రెక్కల పురుగు పిల్లలు, నల్లిని తినే ఒక జాతి తామర పురుగు కూడా ఈ జట్టులోవే.

వీటి గురించి నేను చదివిన వాటిలో నన్ను కదిలించింది నెదర్లాండ్స్‌లో 1980లలో జరిగిన పని. మార్సెల్ డికె, మారిస్ సాబెలిస్ చిక్కుడు జాతి మొక్కల మీద ప్రయోగాలు చేశారు. నల్లి పట్టిన మొక్క కొన్ని వాసనలను గాలిలోకి వదులుతుందని, ఆ వాసన పట్టుకుని వేటనల్లులు అటువైపే నడుస్తాయని చూపించారు. వాటికి కళ్లు లేవు. మొక్క పంపిన వాసనే దారి. అంటే ఆకు తెల్లబడుతున్న ఆ రోజుల్లో నా బెండ మొక్కలు చేతులు కట్టుకుని కూర్చోలేదు, సాయం కోసం కబురు పెడుతూనే ఉన్నాయి. సరిగ్గా ఆ కబురు అందుకుని వచ్చినవాటి మీదే నేను సీసాడు మందు కుమ్మరించాను.

అలా తెలుసుకున్నాక మిద్దె మీద నా పద్ధతి పూర్తిగా మారింది.

మొదటి మందు నీళ్లు. ఇది తేలిక మాట కాదు, చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది. గొట్టం చివర బొటనవేలు నొక్కిపట్టి, ధార ఆకు అడుగుకు తగిలేలా కింది నుంచి పైకి కొట్టాలి. రెండో చెయ్యి ఆకు వెనక ఆనించకపోతే లేత కొమ్మలు విరుగుతాయి. గూళ్లు చెదురుతాయి, నల్లులు కొట్టుకుపోతాయి, కిందపడిన వాటిలో చాలావాటికి మళ్లీ మొక్క ఎక్కే దారి దొరకదు. రోజు విడిచి రోజు, రెండు వారాలు. ఉదయం పూటే చేయాలి. సాయంత్రం తడిపితే రాత్రంతా ఆకు తడిగా ఉండి మచ్చ తెగుళ్లు వస్తాయి. నీటికి ఇంకో గుణం ఉంది. ఎర్రనల్లికి పొడిగాలి ఇష్టం. అది పీల్చేదంతా నీళ్లే గనక, ఒంట్లో ఎక్కువైన నీటిని ఆవిరి చేసుకుంటూ ఉంటేనే ఇంకా ఇంకా తినగలదు. గాలిలో తేమ ఉంటే ఆ పని మందగిస్తుంది. తొలకరి పడగానే ఎర్రనల్లి తగ్గిపోవడానికి వాన దెబ్బతోపాటు ఆ తేమ కూడా కారణమే. తేమలో నల్లులకు జబ్బు తెచ్చే శిలీంధ్రాలూ రేగుతాయి.

రెండో జాగ్రత్త దుమ్ము విషయంలో. రోడ్డు వైపు ఉన్న కుండీలకే ముందు నల్లి పడుతుందని మా మిద్దె మీద ఏటా చూస్తున్నాను. దుమ్ము పేరుకున్న ఆకు మీద వేటనల్లులు, బుల్లి పెంకుపురుగులు సరిగా తిరగలేవు. ఇక మిద్దె గోడల వేడి సంగతి. కాంక్రీటు పగలంతా కాగి రాత్రి దాకా ఆ సెగను వదులుతూనే ఉంటుంది. గోడకు ఆనించిన కుండీ నల్లికి పొదుగుడు పెట్టె లాంటిది. గోడకు రెండడుగులు ఇవతలికి జరపడం, మధ్యాహ్నపు ఎండకు షేడ్‌నెట్ కట్టడం, మట్టి మీద ఎండుటాకులో కొబ్బరిపీచో కప్పడం, ఇవన్నీ నల్లి నివారణలోకే వస్తాయి. దాహంతో వాడిన మొక్క మీద నల్లి త్వరగా పెరుగుతుంది. నత్రజని ఎక్కువై ఏపుగా, లేతగా ఎదిగిన మొక్క మీద ఇంకా త్వరగా పెరుగుతుంది. వేసవిలో యూరియా సరే, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు కూడా చేతికి వచ్చినట్టు పోయకూడదు.

నీటితో ఆగకపోతే వేపనూనె. లీటరు గోరువెచ్చని నీటికి 5 మిల్లీలీటర్లు. నూనె నీటిలో కలవదు గనక, ముందు కాస్త కుంకుడు రసంలో నూనెను బాగా గిలకొట్టి, తెల్లగా పాలలా అయ్యాక నీళ్లు చేర్చాలి. బట్టల పౌడరు వద్దు, ఆకు మాడుతుంది. సాయంత్రం ఎండ దిగాక, తేనెటీగలు వెళ్లిపోయాక కొట్టాలి. ముందు ఒక్క ఆకు మీద కొట్టి మర్నాడు చూసుకోవడం మంచిది. నూనె నల్లి ఊపిరి దారులను మూసేస్తుంది, కుంకుడు దాని ఒంటిమీది మైనపు పూతను కరిగిస్తుంది. రెండూ తగిలినదాన్నే చంపుతాయి, తగలనిదాన్ని చంపలేవు. అందుకే ఆకు పైన ఎంత తడిపినా లాభం లేదు, అడుగు తడవాలి. మిత్రజీవుల్లోనూ తడిసినవి పోతాయి. కానీ మర్నాడు కొత్తగా వచ్చే వేటనల్లికి అక్కడ విషం మిగిలి ఉండదు. సీసా మందుకూ దీనికీ అసలు తేడా అది.

ఒక్కసారి కొట్టి ఊరుకోవడం దాదాపు కొట్టనట్టే. గుడ్లలో చాలావరకు తప్పించుకుంటాయి, మూడు రోజులకు పిల్లలొస్తాయి. కాబట్టి నాలుగైదు రోజులకోసారి చొప్పున మూడుసార్లు. పిల్లలు బయటికి రావాలి, అవి పెద్దవై గుడ్లు పెట్టకముందే మనం మళ్లీ చేరుకోవాలి. క్యాలెండర్ మీద తేదీలు గుర్తు పెట్టుకుంటాను.

గంధకం పాత మందు, బాగా పనిచేసే మందు. నీటిలో కలిసే గంధకపు పొడి లీటరుకు 3 గ్రాములు అని మన వ్యవసాయ శాఖ పుస్తకాల్లోనూ ఉంటుంది. అయితే 32 డిగ్రీలు దాటిన వేడిలో అది ఆకును కాలుస్తుంది. మన వేసవి పగళ్లలో ఆ గీత ఎప్పుడో దాటిపోతాం. దోస, సొర, కాకర లాంటి తీగలకు గంధకం పడదు. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు అసలే కొట్టకూడదు. నేనైతే చలికాలం మిరపకే దాన్ని దాచుకుంటాను. ఇక నల్లి కోసమని ప్రత్యేకంగా అమ్మే రసాయనాలు పొలం కోసం తయారైనవి. కొట్టాక ఇన్ని రోజులు కాయ కోయకూడదని వాటి మీద రాసి ఉంటుంది. రోజూ గుప్పెడు బెండకాయలు కోసుకునే చోట ఆ గడువు పాటించడం కుదరదు. పాత సలహాల్లో ఇంకా వినిపించే డైకోఫాల్‌ను డీడీటీ నుంచే తయారుచేసేవారు. 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద దాన్ని నిషేధిత జాబితాలో చేర్చారు, మన దేశంలోనూ నిషేధించారు. ఎవరి అటకమీదైనా పాత సీసా ఉంటే దాన్ని తోటలోకి తేవద్దు.

మిద్దెతోటల వాళ్లలో గట్టిగా పాతుకుపోయిన రెండు నమ్మకాల గురించి చెప్పాలి. బంతి నాటితే చీడలన్నీ పోతాయంటారు. వేళ్లను పట్టే నులిపురుగుల విషయంలో బంతికి మంచిపేరే ఉంది. ఎర్రనల్లికి మాత్రం బంతి ఎంతో ఇష్టమైన మొక్క. వేసవిలో ఎండుముఖం పట్టిన బంతి కుండీని బెండ పక్కన ఉంచితే అక్కణ్నుంచే దిగుమతి అవుతుంది. రెండోది పసుపురంగు జిగురు అట్టలు. రెక్కల్లేని నల్లి వాటికి అంటుకోదు. అయినా వాటిని తీసేయమని నేననను, ఎందుకంటే మిరప దగ్గర కథ వేరేలా ఉంటుంది.

మిరప ముడతల గురించి మన రైతులు చాలా కాలంగా ఒక పదునైన తేడా చూపుతారు. ఆకు అంచులు పైకి దోనెలా లేస్తే అది పై ముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, దోనెను బోర్లించినట్టయితే కింది ముడత, తెల్లనల్లి పని. కింది ముడతలో ఆకు కాడ సాగుతుంది, ఆకు సన్నబడి గిడసబారుతుంది, పూత రాలుతుంది. తెల్లదోమ తెచ్చే వైరస్ ముడత ఇంకొకటి, అందులో ఆకులు ముడుచుకుని చిన్నవై, ఈనెలు పసుపెక్కి, మొక్క మొత్తం గిడసబారుతుంది. ఈ మూడింటికీ మన ఇళ్లలో "ఆకుముడత" అని ఒకటే పేరు, దుకాణంలో ఒకటే సీసా. వైరస్ పట్టిన మొక్కను పీకేయడం తప్ప దారి లేదు. తెల్లనల్లి పట్టిన మొక్కను మాత్రం నిక్షేపంగా కాపాడుకోవచ్చు.

తెల్లనల్లి ఎర్రనల్లికంటే చిన్నది, మిల్లీమీటరులో అయిదో వంతు. కంటికి ఆనదు. గూడు అల్లదు. పొడి ఎండ కాదు, మబ్బూ తేమా ఉన్న వాతావరణం దానికి కావాలి. ముదురాకు ముట్టదు, చిగురే తింటుంది. దాని జీవితచక్రం నాలుగైదు రోజుల్లోనే తిరిగిపోతుంది. వాటి మగవి చేసే పని ఒకటి నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఇంకా ఆడదిగా మారకుండా కదలక పడి ఉన్న దశలోనే దాన్ని వీపున ఎత్తుకుని కొత్త చిగురు మీదికి మోసుకెళ్తాయి. ఇంకా దూరం పోవాలంటే తెల్లదోమ కాళ్లు పట్టుకుని వేలాడుతూ పక్క మొక్కకు చేరతాయి. పసుపు అట్ట నల్లిని పట్టకపోయినా, నల్లిని మోసుకొచ్చే తెల్లదోమను పడుతుంది. అందుకే మిరప కుండీల దగ్గర అట్ట ఉంచాలి.

తెల్లనల్లి పోయినా మొక్క వెంటనే కోలుకోదు. దాని లాలాజలం చిగురులోని కణాలను చెడగొడుతుంది, ఆ దెబ్బ నల్లులు చచ్చాక కూడా కొన్ని వారాలు కనిపిస్తుంది. రెండుసార్లు వేపనూనె కొట్టి, "ముడత అలాగే ఉంది, ఇది పనిచేయలేదు" అని మూడో రోజున పెద్ద మందుకు వెళ్లేవాళ్లు ఇక్కడే తొందరపడతారు. ముడుచుకున్న ఆకు విచ్చుకోదు. ఆ చిగుళ్లను తుంచి పాలిథిన్ కవరులో వేసి మూతికట్టి ఎండలో పడేయాలి. తర్వాత వచ్చే కొత్త చిగురును చూసి తీర్పు చెప్పుకోవాలి.

నల్లుల్లో ఎనిమిది కాళ్లు కూడా లేని ఒక శాఖ ఉంది. సన్నటి పురుగులా ఉండి నాలుగే కాళ్లతో తిరుగుతుంది. మల్లె ఆకుల మీద తెల్లటి బొచ్చు పుట్టించేది అదే. 1998లో కేరళలో కనబడి, ఆ తర్వాత మన కోస్తా కొబ్బరి తోటల దాకా వచ్చి కాయలను గోధుమరంగు చారలతో గిడసబార్చింది కూడా ఆ శాఖలోని ఒక జాతే. కూరగాయల కుండీల్లో వాటితో పని తక్కువ.

ఇంత చెప్పాక కూడా, కొన్నిసార్లు మొక్కను వదులుకోవాల్సి వస్తుంది. కాపు అయిపోయి, సగానికి పైగా ఆకులు కంచురంగుకు వచ్చి, కొనల్లో గూడు కట్టిన మే నెల బెండను బతికించాలని చూడటం పక్క మొక్కలకు అన్యాయం. గాలి లేని వేళ చూసి, ముందు నీళ్లతో తడిపి, సంచిలో దూర్చి, ఆ తర్వాతే వేరుతో సహా పీకాలి. పొడిగా ఉన్నప్పుడు పట్టి లాగితే దారాలు తెగి నల్లులు గాల్లోకి లేస్తాయి. కొత్తగా కొన్న మొక్క ఏదైనా రెండు వారాలు మెట్ల దగ్గర విడిగా ఉంచుతాను. కాయల మీద నల్లి తిరిగిందని పారేయాల్సిన పని లేదు, అది మనల్ని కుట్టదు, కడిగి వండుకోవచ్చు.

రెండు వస్తువులు మాత్రం కొనమని అందరికీ చెబుతాను. నగల కొట్లలో వాడే పది రెట్ల భూతద్దం ఒకటి, అట్టకు బిగించిన తెల్లకాగితం ఒకటి. వారానికోసారి మొక్క కొమ్మను కాగితం మీద రెండుసార్లు తట్టి, అర నిమిషం ఆగితే చాలు, రాలిన దుమ్ములో ఏది నడుస్తోందో తెలుస్తుంది. చుక్కలు పడ్డాక కాదు, పడకముందే తెలుస్తుంది.

ఈ ఏడాది ఉగాదికి రెండు రోజుల ముందు గోడ పక్క బెండ మొక్క కింద భూతద్దం పెట్టి చూస్తే ఒకే ఆకుకు పదకొండు ఎర్రనల్లులు లెక్కకొచ్చాయి. వాటి మధ్య నున్నగా మెరుస్తున్నది ఒకటి అటూ ఇటూ ఉరుకుతోంది. మిగతా కుండీలన్నిటికీ నీళ్ల ధార కొట్టి, ఆ ఒక్క మొక్కను అలాగే వదిలేశాను. మొదలుకు మాత్రం నిండుగా నీళ్లు పోశాను. ఐదో రోజు ఉదయం అదే ఆకు తిప్పాను. ఎర్రనల్లులు నాలుగు ఉన్నాయి. ఈనె మలుపులో, చిన్న వెంట్రుకకు ఆనుకుని, కోలగా మూడు గుడ్లు.